నా పేరున ఆరు ఉత్తరాలు

పోయిన వారం కౌన్సిల్ (ఇక్కడి మునిసిపాలిటీ లాంటిది) వాళ్ల హాల్లో నిలబడి, రాజు మూడో చార్లెస్‌కు విధేయురాలిగా ఉంటానని ప్రమాణం చేసి, బ్రిటిష్ పౌరసత్వం సర్టిఫికెట్ చేతికి తీసుకున్నాను. 2020 జనవరిలో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో దిగినప్పుడు చేతులకు పెళ్లి గాజులు ఇంకా తీయలేదు. అప్పటినుంచి ఇప్పటిదాకా దాదాపు ఆరేళ్లు. చుట్టాలూ స్నేహితులూ ఫోన్ చేసి "ఏమేం పెట్టావు, ఎంతయింది" అని అడుగుతున్నారు. అన్నీ గుర్తున్నప్పుడే రాసి పెడుతున్నాను.

మొదటి వీసా, అంటే భార్యగా వచ్చే స్పౌజ్ వీసా, పెద్ద కష్టం కాలేదు. 2019 చివర్లో హైదరాబాద్‌లో వేలిముద్రలిచ్చాను, టీబీ పరీక్ష చేయించుకున్నాను, ఎ1 అనే మొదటి మెట్టు ఇంగ్లిష్ పరీక్షలో ఇంకో అమ్మాయి పక్కన కూర్చుని నాలుగు మాటలు మాట్లాడాను. మావారి ఆరు నెలల పే స్లిప్పులూ, అదే జీతం పడినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్లూ పెట్టాం. అప్పట్లో భర్తకు ఏడాదికి 18,600 పౌండ్ల ఆదాయం ఉంటే సరిపోయేది. 2024 ఏప్రిల్ 11 నుంచి కొత్తగా అప్లై చేసేవాళ్లకు అది 29,000 అయింది. పే స్లిప్పులో ఉన్న అంకే బ్యాంకులోనూ కనబడాలి, అది ఒక్కటి చూసుకోండి.

పేర్ల గురించి ఒక మాట. నేను పుట్టింటి ఇంటిపేరు మార్చుకోలేదు. పెళ్లి సర్టిఫికెట్, పాస్‌పోర్ట్ రెండింటిలోనూ అదే ఉంది. పెళ్లయిందని ఇంటిపేరు మార్చాలనుకుంటే వీసాకి ముందే మార్చేసుకోండి, లేదా అంతా అయ్యాక. మధ్యలో మాత్రం వద్దు.

అసలు బాధ ఎక్స్‌టెన్షన్ దగ్గర మొదలైంది. స్పౌజ్ వీసా 33 నెలలకి ఇస్తారు. అది అయిపోయేలోపు ఇంకో 30 నెలలకి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్‌లో ఒక ఆదివారం ఫారం తెరిచి చదువుతున్నాం. గడిచిన రెండేళ్లూ ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నట్టు ఆరు ఉత్తరాలు చూపించమంటుంది. కనీసం మూడు వేర్వేరు చోట్ల నుంచి వచ్చినవై ఉండాలి, తేదీలు రెండేళ్ల పొడుగునా ఉండాలి. ఇద్దరి పేరునా కలిపి వచ్చినవైతే మేలు. లేకపోతే ఒకే అడ్రస్‌కి విడివిడిగా వచ్చినవి పెట్టొచ్చు.

మావారి పేరున కట్టలు కట్టలు ఉన్నాయి. నా పేరున వెతికితే ఏమీ లేవు.

ఇల్లు పెళ్లికి ముందే ఆయన కొనుక్కున్నారు. మార్ట్‌గేజ్ ఆయన పేరున. కరెంటు, గ్యాస్, నీళ్లు, ఇంటర్నెట్, కౌన్సిల్ ట్యాక్స్ అన్నీ ఆయన పేరునే, అదీ చాలామటుకు ఈమెయిల్‌లో. నేను వచ్చిన రెండు నెలలకి లాక్‌డౌన్. ఉద్యోగం లేదు, బయటికి వెళ్లడం లేదు. ఆ ఇంట్లో రోజుకి మూడు పూటలా వండాను, పెరట్లో గోంగూర వేశాను, కోవిడ్‌తో ఆయన పడుకుంటే పద్నాలుగు రోజులు గది బయట పళ్లెం పెట్టి కాపు కాశాను. అవన్నీ చేసిన మనిషి ఆ ఇంట్లో ఉందని చెప్పే కాగితం ఒక్కటీ లేదు.

జాయింట్ అకౌంట్ తెరిస్తే స్టేట్‌మెంట్లు వస్తాయి కదా అని మర్నాడే బ్యాంకుకి వెళ్లాం. ఆ బ్యాంకు పేరు రాయను. పాస్‌పోర్ట్, రెసిడెన్స్ కార్డు చూపించాను. ఆ కార్డు మీద అడ్రస్ ఉండేది కాదు. కౌంటర్లో అబ్బాయికి ఇరవై రెండేళ్లుంటాయేమో. "అడ్రస్ ప్రూఫ్ కావాలి" అన్నాడు. బ్యాంకు స్టేట్‌మెంట్ గానీ బిల్లు గానీ తెమ్మన్నాడు. బ్యాంకు స్టేట్‌మెంట్ కోసమే కదా వచ్చాం అన్నాను. నా వైపు చూడలేదు. మావారి వైపు తిరిగి, "ఆవిడకి ఇంగ్లిష్ అర్థమవుతుందా?" అని అడిగాడు.

నేను ఎంఎస్సీ కెమిస్ట్రీ చదివాను. తెనాలిలో జూనియర్ కాలేజీలో మూడేళ్లు ఇంగ్లిష్ మీడియం పిల్లలకి పాఠాలు చెప్పాను. నా దగ్గర చదివిన పిల్లలు ఇప్పుడు డాక్టర్లయ్యారు. ఆ కౌంటర్ ముందు మాత్రం నోరు పెగల్లేదు. "అర్థమవుతుంది" అని మావారే చెప్పారు. అప్పుడు కూడా ఆయనతోనే, "ఆమె మీ ఇంట్లో ఉంటున్నట్టు మాకు తెలియదు సార్" అన్నాడు. వెనక లైన్లో పది మంది ఉన్నారు. బయటికొచ్చి కారెక్కి తలుపు వేసుకున్నాక ఏడ్చాను.

తర్వాత ఒక లాయర్ దగ్గరికి వెళ్లాం. అరగంట మాట్లాడినందుకు 150 పౌండ్లు తీసుకున్నారు. "రెండేళ్లు ఏం చేశారమ్మా" అన్నారు గానీ ఇప్పుడేం చేయాలో చెప్పలేదు. కేసు మొత్తం మాకు అప్పజెప్పండి, లేకపోతే రిజెక్ట్ అవుతుందని భయపెట్టారు. ఇలాంటి వాళ్ల దగ్గరికి ముందే పరిగెత్తకండి. ఫారం, దాంతోపాటు ఉన్న గైడెన్స్ మూడుసార్లు నిదానంగా చదివితే వాళ్లు చెప్పేదంతా అందులోనే ఉంది. కాగితాలు లేనప్పుడు ఎందుకు లేవో రాసి చెప్పుకోవచ్చని కూడా అందులోనే ఉంది. ఆ మాట మాకు లాయరు చెప్పలేదు.

ఆ రాత్రి ఇల్లంతా తిరగేశాం. వంటింటి సొరుగులో 2021లో ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) వాళ్లు వ్యాక్సిన్‌కి రమ్మని పంపిన ఉత్తరం దొరికింది. దాని వెనక నేను సరుకుల చీటీ రాసుకున్నాను: కందిపప్పు, చింతపండు, జీలకర్ర. ముందువైపు నా పేరు, మా అడ్రస్, తేదీ శుభ్రంగా ఉన్నాయి. స్త్రీల స్క్రీనింగ్ పరీక్షకి రమ్మని వచ్చిన ఉత్తరం ఒకటి పాత మ్యాగజైన్లలో దొరికింది. కానీ డాక్టర్ దగ్గర రిజిస్టర్ చేసినప్పుడు పేరు, ఇంటిపేరు తారుమారయ్యాయి. ఆ డాక్టర్ క్లినిక్‌కి వెళ్లి సరిచేయించి, ఎప్పటినుంచి ఏ అడ్రస్‌లో రిజిస్టర్ అయ్యానో ఉత్తరం రాయించుకున్నాను. అక్కడి రిసెప్షన్ ఆవిడ ఒక్క ప్రశ్న కూడా వేయకుండా ఆ రోజే ఇచ్చింది, ఆవిడ చల్లగా ఉండాలి. ఇక్కడ ఉద్యోగానికి కావలసిన నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ ఉత్తరం మావారి ఆఫీసు ఫైల్లో ఉంది.

2020కి మాత్రం ఏమీ లేదు. బీరువా పైన, స్వెట్టర్లు పెట్టుకున్న అట్టపెట్టె దించితే, దాని మీద నవంబర్ 2020 తేదీతో కొరియర్ చీటీ అలాగే అంటుకుని ఉంది. అమ్మ ఆవకాయ, అరిసెలు పంపిన పెట్టె. నా పేరు, ఇంటి నంబరు, వీధి, పోస్ట్‌కోడ్, కింద అమ్మ పేరు. ఆ చీటీ ఫోటో తీసి, లాక్‌డౌన్‌లో నా పేరున ఉత్తరాలు ఎందుకు రాలేదో ఒక పేజీ రాసి దానికి జతచేశాను.

మిగతావి అప్పటికప్పుడు సంపాదించినవి. కౌన్సిల్‌కి చెప్పి కౌన్సిల్ ట్యాక్స్‌లో నా పేరు చేర్పించాం. డబ్బేమీ కట్టక్కర్లేదు, ఇద్దరి పేర్లతో కొత్త బిల్లు వస్తుంది. ఇంకోటి చాలామందికి తెలియదు: ఇండియా కామన్వెల్త్ దేశం కాబట్టి, వీసా మీద ఇక్కడ ఉంటున్న మనవాళ్లకి ఓటు హక్కు ఉంది, కౌన్సిల్ ఎన్నికలకీ, పార్లమెంటుకీ కూడా. ఓటరుగా నమోదు చేసుకుంటే కౌన్సిల్ నుంచి మీ పేరున ఉత్తరం వస్తుంది. ఈ సంగతి పక్కింటి గుజరాతీ బామ్మగారు చెప్పారు, 150 పౌండ్ల లాయరు చెప్పలేదు. ఆ కౌన్సిల్ బిల్లు పట్టుకుని వేరే బ్యాంకుకి నేను ఒక్కదాన్నే వెళ్లాను. ముప్పావు గంటలో అకౌంట్ తెరిచారు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. మా ఇంట్లో కరెంటు బిల్లు నాన్న పేరున, పొలం పాస్‌బుక్ నాన్న పేరున. అమ్మ పేరు శుభలేఖల మీదా రేషన్ కార్డులోనూ తప్ప నేనెక్కడా చూడలేదు. మావారు మంచి మనిషి, నన్ను దాచిపెట్టాలని అనుకోలేదు. అన్నీ తనే చూసుకోవడం బాధ్యత అనుకున్నారు. కానీ ఆ బాధ్యత వల్లే నేను దేశం కాని దేశంలో లేని మనిషినయ్యాను. భార్యని ప్రేమగా చూసుకునే మగవాళ్లకే చెబుతున్నాను, ఆమె దిగిన వారంలోనే కౌన్సిల్ ట్యాక్స్‌లో పేరు పెట్టండి, ఒక బిల్లు ఆమె పేరున మార్చండి, పేపర్‌లెస్ అని నొక్కకండి.

జూలైలో అప్లై చేశాం, ఫీజు 1,048, వైద్యానికి ముందే కట్టే హెల్త్ సర్‌ఛార్జ్ 1,560 పౌండ్లు. ఇంగ్లిష్‌లో పై మెట్టు ఎ2 పరీక్ష కూడా రాశాను. ఏడు వారాలకి వీసా పొడిగించినట్టు ఈమెయిల్ వచ్చింది. ఆ ఏడు వారాలూ నిద్ర లేదు.

తర్వాతవి చకచకా అయిపోయాయి. 2022 చివర్లో ఒక స్కూల్లో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరాను, పే స్లిప్పులు నా పేరునే వస్తున్నాయి. ఈ దేశం గురించి అడిగే లైఫ్ ఇన్ ద యూకే పరీక్షకి 24 ప్రశ్నలు, 45 నిమిషాలు, 18 రైట్ కావాలి. నేను తొమ్మిది నిమిషాల్లో లేచాను. ఆ పై మెట్టు బీ1 ఇంగ్లిష్ ఒక్కసారే పాసయ్యాను, ఐఎల్ఆర్‌కి (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతికి) పెట్టిన ఆ సర్టిఫికెట్‌నే సిటిజన్‌షిప్‌కీ తీసుకున్నారు. ఐఎల్ఆర్ 2024 డిసెంబర్‌లో పెట్టాను, 2,885 పౌండ్లు. ఐదేళ్లు నిండడానికి 28 రోజుల ముందు నుంచే పెట్టొచ్చు. ఈసారి ఉత్తరాలు పదహారు పెట్టాను. భర్త బ్రిటిష్ పౌరుడైతే ఐఎల్ఆర్ వచ్చాక ఏడాది ఆగక్కర్లేదు, అందుకే 2025 మేలో 1,735 కట్టి సిటిజన్‌షిప్‌కి పెట్టేశాను. అన్నీ కలిపి ఒక్క మనిషికి దాదాపు పదివేల పౌండ్లు అయ్యాయి. పరీక్షలూ రైలు ఛార్జీలూ వేరే.

ఇక నా భారత పాస్‌పోర్ట్ సరెండర్ చేయాలి, ఓసీఐకి (విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్లకిచ్చే కార్డుకి) పెట్టుకోవాలి. అది తలుచుకుంటే గొంతు పట్టేస్తోంది, దాని గురించి ఇప్పుడు రాయలేను.

మా పిన్ని కూతురు వచ్చే నెల బర్మింగ్‌హామ్ వస్తోంది. నిన్న మరిదిగారికి ఫోన్ చేసి, అది దిగగానే కౌన్సిల్ ట్యాక్స్‌లో పేరు చేర్పించమన్నాను. "ముందు రానివ్వండి వదినా, మెల్లగా చూద్దాం" అన్నారు. ఆదివారం మళ్లీ చేస్తాను.