మూడు అధ్యయనాలు, ఒక తిరగబడ్డ గుర్తు

క్షయ రోగుల రక్తంలో ఏ జన్యువులు చురుకవుతాయో చూసిన మూడు అధ్యయనాల డేటాను తార్నాకలోని మా గదిలో కూర్చుని దించుకున్నాను. మూడూ కలిపి ఏం చెబుతున్నాయో రాస్తే నా థీసిస్‌లో రెండో అధ్యాయం పూర్తవుతుంది.

ముందు ఒక్కోదాని నుంచి ఎక్కువగా మారిన తొలి రెండు వందల జన్యువులు తీసి, మూడింటిలోనూ ఉన్నవాటిని వెతికాను. వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే దొరికాయి. జన్యువుల చురుకును కొలవడానికి ఒకరు వాడింది అఫీమెట్రిక్స్ కంపెనీ చిప్, ఇంకొకరిది ఇల్యూమినా కంపెనీది; కొలతలు నేరుగా పోల్చలేం. పైగా ఎక్సెల్‌లో తెరిచిన పాపానికి మార్చ్1 అనే జన్యువు మార్చి ఒకటో తేదీ అయి కూర్చుంది. (ఈ బాధ పడలేకే జన్యువుల నామకరణ సంఘం 2020లో ఇలాంటి పేర్లు మార్చినట్టు ప్రకటించింది.)

విడి జన్యువులను వదిలేసి ఒకే పనిలో పాలుపంచుకునే గుంపులుగా చూడమంది ల్యాబ్‌లోని సీనియర్ అక్క. 2005లో వచ్చిన జీఎస్ఈఏ పద్ధతి చేసేది అదే. జన్యువులన్నింటినీ మార్పును బట్టి వరుసలో నిలబెడుతుంది. మృగశిర కార్తెకు నాంపల్లిలో చేప ప్రసాదం వరుస చూడండి: ఒకే ఊరివాళ్లంతా ముందు భాగంలోనే కనిపిస్తే, కలిసి బయల్దేరారని తెలిసిపోతుంది. జన్యువుల గుంపుల విషయమూ అంతే. హాల్‌మార్క్ అనే సిద్ధంగా ఉన్న సేకరణలోని 50 గుంపులు తీసుకున్నాను.

మూడు అధ్యయనాల పి-విలువలను (ఫలితం కేవలం యాదృచ్ఛికమా అని చెప్పే అంకెలు) ఫిషర్ అనే గణాంక పద్ధతిలో కలిపితే, రోగనిరోధక సంకేతమైన ఇంటర్‌ఫెరాన్‌కు స్పందించే గుంపులు అదిరిపోయేలా వచ్చాయి. సంబరంగా అక్కకు చూపించాను.

"ఏ వైపు, తమ్ముడూ?" అంది.

నేను కలిపినవి రెండు వైపులవీ చూసే పి-విలువలు. పెరిగినా తగ్గినా వాటికి ఒకటే. విడివిడిగా తెరిస్తే రెండింటిలో ఇంటర్‌ఫెరాన్ పైకి, మూడోదానిలో నిట్టనిలువునా కిందికి! క్షయలో ఇంటర్‌ఫెరాన్‌కు స్పందించే స్టాట్1, జీబీపీ5 జన్యువులు పెరుగుతాయని ఎప్పటినుంచో తెలిసిందే.

రెండు రోజులు తల పట్టుకున్నాక దొరికింది. లెక్కలకు నేను వాడిన ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష, మనం చెప్పకపోతే, ఇంగ్లిషు అక్షరక్రమంలో ముందొచ్చే గుంపునే పోలికకు ఆధారంగా తీసుకుంటుంది. మొదటి రెండింటిలో పేర్లు 'కంట్రోల్', 'టీబీ'. ఇబ్బంది లేదు. మూడోదానిలో 'యాక్టివ్', 'హెల్దీ'. రోగులే ఆధారమైపోయి ప్లస్, మైనస్ గుర్తు తిరగబడింది. ఫిషర్ దాన్ని చక్కగా కప్పిపెట్టింది.

ఆధారాన్ని చేత్తో రాసి, ఈసారి పెరిగిందా తగ్గిందా చెప్పే గుర్తుతో సహా జెడ్ విలువలను (మార్పు ఎంత బలమైనదో చెప్పే అంకెలు) నమూనాల సంఖ్య వర్గమూలంతో తూచి స్టౌఫర్ అనే మరో పద్ధతిలో కలిపాను. ఇంటర్‌ఫెరాన్ గామా గుంపు మూడింటిలోనూ పైకే వచ్చింది. పాత పటాలు అప్పటికే గైడ్ మేడమ్‌కు పంపేశాను. ఆ రాత్రి రాసిన క్షమాపణ మెయిల్ అధ్యాయంకన్నా ఎక్కువసార్లు దిద్దాను.