లేహ్‌లో ఊపిరి అందని రాత్రి

లద్దాఖ్ వెళ్లొచ్చినవాళ్లు ఎక్కువగా తలనొప్పి గురించి చెప్తారు. మొదటిరోజు తల పగిలిపోయిందనీ, రెండోరోజుకి సర్దుకుందనీ. నాకు తలనొప్పి రాలేదు. వాంతులూ కాలేదు. అందుకే నాకు వచ్చింది ఏమిటో పక్కనున్నవాళ్లకు వెంటనే తట్టలేదు. హై ఆల్టిట్యూడ్ పల్మనరీ ఎడీమా అంటారు దాన్ని, ఎత్తైన చోట ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. డాక్టర్లు పొట్టిగా 'హేప్' అంటారు. మనవాళ్లు ఇప్పుడు విమానాలెక్కి నేరుగా లేహ్‌లో దిగుతున్నారు. దీని గురించి తెలుగులో ఒకరైనా వివరంగా చెప్పాలనిపించి రాస్తున్నాను.

నేను వెళ్లింది ట్రెక్కింగ్‌కి కాదు, బొమ్మలు వేసుకోవడానికి. హైదరాబాద్‌లో డ్రాయింగ్ నేర్పే మాస్టారు ఒకరు వేసవిలో కొంతమందిని వెంటబెట్టుకుని కొండల్లోకి తీసుకెళ్తుంటారు. పొద్దున్నే ఒక చోట కూర్చుని వేసుకోవడం, ఆయన ఒక్కొక్కరి పేజీ చూస్తూ తిరగడం, సాయంత్రం బొమ్మలన్నీ నేలమీద పరిచి మాట్లాడుకోవడం, ఇంతే కార్యక్రమం. ఆ ఏడు లేహ్. మొదటి రెండు రోజులూ పూర్తిగా విశ్రాంతి, ఆ తర్వాత షే, తిక్సే మఠాలు, చివర్లో ఆల్చి అని ప్లాన్. జాగ్రత్తల్లో ఆయన లోటేమీ చేయలేదు. ఎవరెవరికి బీపీ ఉంది, ఎవరికి ఆస్తమా ఉంది అని ముందే కనుక్కున్నారు. డాక్టర్ని అడిగి, ఎత్తుకి ఒళ్లు అలవాటుపడటానికి వేసుకునే డయామాక్స్ మాత్ర మొదలుపెట్టమన్నారు. నేను అన్నీ పాటించాను. అయినా వచ్చింది.

మాది రాజమండ్రి. చిన్నప్పుడు మా నాన్నగారు దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్లేవారు. 1925లో, 28 ఏళ్లు నిండకుండానే మశూచితో పోయిన మనిషి అంత పని ఎప్పుడు చేశాడా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. రంగుల కన్నా ఆయన గీత నన్ను పట్టుకుంది. బ్యాంకు ఉద్యోగం, పిల్లల చదువులు అన్నీ అయ్యాక నేను పెన్సిల్ పట్టుకున్నది ఆ గీత కోసమే. ఈ గీత సంగతి ఇక్కడ ఎందుకంటే, నా జబ్బు మొదట బయటపడింది గీతలోనే.

గీత తెగకుండా పొడుగ్గా లాగాలంటే ఊపిరి బిగబట్టాలి. ముగ్గు వేసే ఆడవాళ్లందరికీ ఇది తెలుసు. పిండి వేళ్ల మధ్య నుంచి జారుతున్నంతసేపూ ఛాతీ కదలదు, గీత అయిపోయాక ఒక్కసారి గాలి వదులుతాం. పెన్సిల్‌తోనూ అంతే. ఒక కొండ అంచు ఈ చివర నుంచి ఆ చివర దాకా చెయ్యి ఎత్తకుండా గీయడం నాకు అలవాటు.

లేహ్ 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. గోదావరి గట్టున పుట్టి పెరిగిన మనిషి పొద్దున ఢిల్లీలో విమానం ఎక్కి గంటంబావు, గంటన్నరలో అక్కడ దిగుతుంది. గాలిలో ఆక్సిజన్ శాతం అక్కడా 21 శాతమే, కానీ గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉండేదాంట్లో మూడింట రెండొంతులే. అంటే పీల్చిన ప్రతి ఊపిరిలోనూ ఆక్సిజన్ మూడోవంతు తక్కువ.

దిగగానే నన్ను కట్టిపడేసింది వెలుతురు. మనకి పాపికొండలు దూరం పోయేకొద్దీ నీలంగా, పల్చగా అయిపోతాయి, గాల్లో తేమ వల్ల. దూరాన్ని చూపించాలంటే నీలం కలిపి పల్చన చేయమని మనకి మొదటి పాఠం. లేహ్‌లో ఆ పాఠం పనికిరాదు. లోయ అవతల ఉన్న స్టోక్ కాంగ్రీ 6,000 మీటర్లు దాటిన శిఖరం, దాని మంచు మీద నీడల అంచులు కూడా ఇక్కడికి కోసినట్టు కనిపిస్తాయి. దూరమేదో దగ్గరేదో కన్ను చెప్పలేదు. పైగా నీళ్లరంగు పల్చగా పూసి (వాష్ అంటాం) బ్రష్ కడిగేలోపు రంగు ఆరిపోతుంది. మాస్టారు మాత్రం, "ఈ రెండు రోజులూ రంగులు వద్దండీ, కిటికీలోంచి కనిపించేది పెన్సిల్‌తో వేసుకోండి చాలు" అన్నారు. డయామాక్స్ వల్ల వేలికొసలు తిమ్మిరిగా చురుక్కుమంటున్నాయి. అది మందు గుణమే, భయపడక్కర్లేదని ముందే చెప్పారు.

రెండోరోజు సాయంత్రం గెస్ట్‌హౌస్ డాబా మీద కూర్చుని ఎదురుగా ఉన్న లేహ్ ప్యాలెస్ వేస్తున్నాను. తొమ్మిది అంతస్తుల మట్టిరంగు గోడ, దాని వెనక కొండ. అదేం కష్టమైన బొమ్మ కాదు. కానీ కొండ అంచు సగానికి వచ్చేసరికి గాలి చాలక పెన్సిల్ ఎత్తేస్తున్నాను. మళ్లీ పెట్టడం, మళ్లీ ఎత్తడం. పేజీ నిండా అంగుళమంగుళం ముక్కలు. మాస్టారు చూసి, "ఇవాళ మీ గీత ఏంటండీ, ఇలా తునకలుగా ఉంది?" అన్నారు. చల్లగాలికి పొడి దగ్గు పట్టిందన్నాను. అక్కడ దుమ్ముకి సగం మంది దగ్గుతూనే ఉన్నారు. మెట్లు దిగి గదికి వచ్చేసరికి మధ్యలో రెండుసార్లు నిలబడాల్సి వచ్చింది, దిగుతున్న మెట్ల మీద.

నా గదిలో ఉన్నది కరీంనగర్ టీచరమ్మ, నాకంటే పదేళ్లు చిన్నది. నన్ను అక్కా అనేది. అర్ధరాత్రి ఎప్పుడో ఆమెకు మెలకువ వచ్చేసరికి నేను మంచం మీద మోకాళ్లు పట్టుకుని కూర్చుని ఉన్నాను. పడుకుంటే మునిగిపోతున్నట్టు ఉంది. కూర్చుంటే కాస్త నయం. "ఏందక్కా, గట్ల కూసున్నవ్?" అని లైటు వేసింది. ఒక్క క్షణం నా మొహం చూసి, "అక్కా, నీ పెదవులు నీలంగున్నయ్" అంది. నా చెయ్యి లాక్కుని గోళ్లు చూసింది. అవీ అంతే. ఏ రంగు ఎక్కడ ఉండాలో రోజంతా చూస్తూ కూర్చునే మనుషులం కాబట్టి ఆమె కంటికి అది వెంటనే ఆనిందని నా నమ్మకం. కింద రిసెప్షన్‌లో, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే ఆక్సీమీటర్ ఉంటుంది, పరుగెత్తి తెచ్చింది. ముందు తన వేలికి పెట్టుకుని చూసుకుంది, 88. ఆ ఎత్తులో అది మామూలే. నా వేలికి పెడితే 62. తప్పు చూపిస్తోందేమోనని వేలు మార్చింది. 61.

ఆ తర్వాత అన్నీ చకచకా జరిగాయి. గెస్ట్‌హౌస్ వాళ్లు సిలిండర్ తెచ్చి మాస్క్ పెట్టారు. మా లద్దాఖీ గైడ్ కారు గుమ్మందాకా తెచ్చాడు. నన్ను అడుగు వేయనివ్వకుండా కుర్చీలో కూర్చోబెట్టి దింపారు. హేప్ ఉన్న మనిషి నడిస్తే ఒత్తిడి ఇంకా పెరుగుతుందట, అతనికి ఆ సంగతి తెలుసు. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్ స్టెతస్కోప్ పెట్టి కుడివైపు ఎక్కువసేపు విన్నారు. తర్వాత ఎక్స్‌రే చూపించారు. తడి కాగితం మీద తెల్లరంగు చుక్క వేస్తే పాకినట్టు, కుడి ఊపిరితిత్తి మధ్యలో తెల్లటి మచ్చలు అంచుల్లేకుండా పరుచుకుని ఉన్నాయి. ఎడమవైపు కొద్దిగా.

పొద్దున రౌండ్స్‌కి వచ్చిన డాక్టరమ్మ, లేహ్ ఆవిడే, ఓపిగ్గా హిందీలో చెప్పారు. ఆక్సిజన్ తగ్గితే ఊపిరితిత్తుల్లో రక్తనాళాలు బిగుసుకుంటాయి. అందరికీ బిగుసుకుంటాయి. కొందరిలో మరీ ఎక్కువగా, ఒకచోట గట్టిగా, ఒకచోట వదులుగా. అప్పుడు వదులుగా ఉన్న దారుల్లోకి రక్తమంతా ఒత్తిడితో వచ్చి పడుతుంది. ఆ ఒత్తిడికి సన్నటి నాళాల గోడల్లోంచి నీరు గాలి గదుల్లోకి ఊరుతుంది. ఇది గుండె జబ్బు కాదు, ఇన్‌ఫెక్షన్ కూడా కాదు. పైకి వచ్చిన రెండో రోజు నుంచి నాలుగైదు రోజుల లోపు, ఎక్కువగా రాత్రిపూట ముదురుతుంది. డయామాక్స్ తలనొప్పి, వికారం రకానికి బాగా పనిచేస్తుంది కానీ దీన్ని ఆపుతుందని నమ్మకం పెట్టుకోకూడదు. దీనికి అసలు మందులు ఆక్సిజన్, విశ్రాంతి, కిందికి దిగిపోవడం. నిఫెడిపిన్ అనే బీపీ మాత్ర ఆ బిగుసుకున్న నాళాలను వదులు చేస్తుంది.

"మా ఆవిడ రోజూ వాకింగ్ చేస్తుందండీ, ఏ జబ్బూ లేదు, ఎలా వచ్చింది?" అని ఫోన్‌లో మా ఆయన డాక్టరమ్మని పదేపదే అడిగారు. ఆవిడ చెప్పిన జవాబు నాకు గుర్తుండిపోయింది. ఒంట్లో బలానికీ దీనికీ సంబంధం లేదు, ఇక్కడికి బక్కచిక్కినవాళ్ల కన్నా కండలు తిరిగిన కుర్రాళ్లే ఎక్కువ వస్తుంటారు అన్నారు. తర్వాత ఇంటికొచ్చి చదివితే ఆ మాట వెనక ఎంత చరిత్ర ఉందో తెలిసింది. 1960లో చార్లెస్ హ్యూస్టన్ అనే అమెరికన్ డాక్టర్ రాసేదాకా చాలాచోట్ల దీన్ని న్యుమోనియా అనుకునే వైద్యం చేసేవారు. 1962 చైనా యుద్ధం సమయంలో మైదానాల నుంచి మన జవాన్లను ఉన్నపళంగా హిమాలయాల్లోకి పంపాల్సి వచ్చింది. మిలిటరీ డాక్టర్ ఇందర్ సింగ్, ఆయన సహచరులు 1,925 మంది సైనికులను పరిశీలించి ఎత్తు వల్ల వచ్చే జబ్బుల మీద 1969లో ప్రచురించిన వ్యాసం ప్రపంచమంతా చదివింది. అంతా పడుచు వయసు జవాన్లు, గట్టివాళ్లు. ఇవాళ లేహ్ ఆసుపత్రిలో అర్ధరాత్రి ఒక డ్యూటీ డాక్టర్ చూడగానే గుర్తుపట్టారంటే అందులో ఆ జవాన్ల బాధ కూడా ఉంది. నేను వాళ్లకి రుణపడి ఉన్నాను.

ఆక్సిజన్ ఎక్కుతుంటే మొదటి సగం రోజులోనే తేడా తెలిసింది. నీలం పోయింది. కానీ మాస్క్ తీస్తే అంకె జారిపోయేది, మళ్లీ పెట్టేవారు. ఆక్సీమీటర్ క్లిప్పు నా కుడి చూపుడువేలికి ఉండేది. సాయంత్రం నేను స్కెచ్‌బుక్ అడిగితే నర్సమ్మాయి ఏమీ అనకుండా క్లిప్పు తీసి ఎడమచేతికి మార్చింది. అలా అడగకుండానే అర్థం చేసుకున్నందుకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కిటికీ అవతల విల్లో చెట్టు ఒకటి, ఇవతల సిలిండర్. వేసింది ఎంతో లేదు, కాండం వైపు ఒక గీత, నాలుగు కొమ్మలు. ఆ పేజీల్లో తేదీలు వేసుకోలేదు కానీ ఏది ముందుదో ఏది తర్వాతదో గీత పొడవు చూసి చెప్పగలను. మొదటి పేజీలో కాండం ఎన్నో ముక్కలుగా ఉంది. డిశ్చార్జికి ముందు వేసినదాంట్లో వేరు దగ్గర నుంచి మొదటి కొమ్మ దాకా ఒకే గీత.

మిగతావాళ్లు ఆల్చి వెళ్లొచ్చారు. ఉండిపోతామని అందరూ అన్నారు, నేనే వెళ్లమన్నాను. దాదాపు 900 ఏళ్ల నాటి గోడబొమ్మలు ఉన్న చోటు అది, నేను అసలు ఈ ట్రిప్‌లో చేరిందే దాని కోసం. లోపల ఫొటోలు తీయనివ్వరు. మా టీచరమ్మ బయటి వసారాలో కూర్చుని, ఆ మూడంతస్తుల గుడి ముందున్న చెక్కడపు కొయ్య స్తంభాలు నా కోసం ఓపిగ్గా వేసి తెచ్చింది. లోపలి బొమ్మల్లో చూసినవి గుర్తున్నంత మేరకు రాత్రి నా మంచం పక్కన కూర్చుని గీసి చూపించింది. "గీ దేవుని ధోతి మీద మళ్లా బొమ్మలున్నయ్ అక్కా, గుర్రాలు, మనుషులు, గుళ్లు. ఏలెడంతనే ఉన్నయ్" అని చెప్తూ ఒక్కొక్కటీ వేసింది. నేను వింటూ ఆక్సిజన్ పీలుస్తూ కూర్చున్నాను. ఆ గంట నాకు మందే.

కిందికి విమానంలో పంపుతామంటే నాకు టెన్షన్ పట్టుకుంది, ఇంకా ఎత్తుకి వెళ్తాం కదా అని. డాక్టరమ్మ సర్దిచెప్పారు. విమానం లోపల గాలి ఒత్తిడిని 2,400 మీటర్లకు మించని ఎత్తుకి సమానంగా ఉంచుతారట. అంటే తలుపు వేసి బయల్దేరాక నేను లేహ్ కన్నా కిందే ఉంటాను. నిజంగానే ఢిల్లీలో దిగేసరికి ఛాతీ తేలికైపోయింది.

ఊపిరితిత్తుల్లో నీరు త్వరగానే పోయింది, రాజమండ్రిలో తీసిన ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. నీరసం మాత్రం అంత త్వరగా వదల్లేదు. కొన్ని వారాలపాటు రెండో అంతస్తు ఎక్కితే కూర్చోవాలనిపించేది. ఇక్కడి డాక్టరు ఎకో తీయించారు, గుండెలో రంధ్రంగానీ, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ముందే ఎక్కువ ఒత్తిడిగానీ ఉంటే హేప్ తేలిగ్గా వస్తుంది కాబట్టి. ఏమీ లేదు. అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టింది రాత్రిళ్లు. పడుకోగానే ఆ మునిగిపోయే భయం గుర్తొచ్చి లేచి కూర్చునేదాన్ని. ఆక్సీమీటర్ కొనుక్కుని తలగడ పక్కన పెట్టుకున్నాను, 98 కనిపిస్తే నిద్ర పట్టేది. ఇప్పుడు అది బీరువాలో ఉంది. పొద్దున్నే గట్టు మీద కూర్చుని గోదావరి బ్రిడ్జి వేసుకుంటున్నాను.

కొండలకి వెళ్లేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఒకటే. నడిస్తే ఆయాసం రావడం అక్కడ మామూలు. ఊరికే కూర్చున్నప్పుడు ఆయాసం వస్తే, పడుకోలేకపోతే, అది మామూలు కాదు. తెల్లారేదాకా ఆగకూడదు. గుంపులో వెళ్లినప్పుడు పక్కవాళ్ల నిద్ర పాడుచేయడం దేనికని మొహమాటపడతాం. ఆ మొహమాటం అక్కడ ప్రాణాల మీదకి తెస్తుంది. మా మాస్టారు ఇప్పుడు రోజూ రాత్రి భోజనాల దగ్గర అందరి వేళ్లకీ ఆక్సీమీటర్ పెట్టి అంకెలు రాసుకుంటున్నారు. మంచి పని.

హేప్ ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. అయినా ఆల్చి నా మనసులోంచి పోలేదు. డాక్టర్ని అడిగి ఒక దారి చూసుకున్నాను. శ్రీనగర్ దాదాపు 1,600 మీటర్లు, కార్గిల్ 2,700, ఆల్చి 3,100. ఇవన్నీ ఒకే దారిలో ఉన్నాయి, లేహ్ దాకా పోనక్కర్లేదు. మధ్యలో ఫోటూ లా కనుమ 4,100 మీటర్లు దాటుతుంది కానీ కారులో ఎక్కి దిగిపోతాం, చూడాల్సింది ముఖ్యంగా ఎక్కడ పడుకుంటున్నామన్నది. కార్గిల్‌లో రెండు రాత్రులు ఆగి, నిఫెడిపిన్ ముందురోజు నుంచే వేసుకుంటూ వెళ్లొచ్చన్నారు డాక్టరు. మా ఆయన ఇంకా పూర్తిగా సరే అనలేదు. కార్గిల్‌లో రెండు కాదు మూడు రాత్రులు ఉండాలనీ, తనూ వస్తాననీ అంటున్నారు. టీచరమ్మ మాత్రం, "నేనొస్త అక్కా, టికెట్ల సంగతి జెప్పు" అని అప్పుడే స్కూల్లో సెలవులు లెక్కేసుకుంటోంది.