చెవిటి రాజపాళయం కుక్కను కొత్త ఇంటికి పంపే ముందు

తమిళనాడు వేటజాతి అయిన రాజపాళయం కుక్కల్లో తెల్లటి ఒళ్లు, గులాబీ ముక్కు ఉన్నవాటికే గిరాకీ. ఆ తెలుపుతోపాటు చాలావాటికి చెవుడూ వస్తుంది: లోపలి చెవిలో రంగుకణాలు లేకపోతే వినికిడి కణాలు పుట్టిన కొన్ని వారాలకే చచ్చిపోతాయి. వినపడదని తేలగానే వీధిలో వదిలేస్తారు. ఘోరం ఇది.

అలాంటి కుక్కను వీధినుంచి తెచ్చాక ముందు వినికిడి చూడండి. కుక్క అటు తిరిగి ఉన్నప్పుడు వెనకనుంచి తాళాలగుత్తి ఆడించండి. కాలితో నేల తడితే ఆ అదురుకే తిరుగుతుంది, వినిపించిందనుకుని మోసపోతాం. ఒక చెవే పోయిందేమో తేలాలంటే శబ్దానికి మెదడు స్పందిస్తోందో లేదో యంత్రంతో చూసే బేర్ (BAER) పరీక్ష ఒక్కటే దారి.

నిద్రలో ఉన్నట్టుండి ముట్టుకుంటే ఉలిక్కిపడి కరవొచ్చు. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి, వాసన తగిలాక భుజం తట్టాలి. పేరు బదులు చేతిసైగలు నేర్పండి. ప్రహరీ లేని ఇంటికి ఇవ్వకండి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాకే అప్పగించండి, లేదంటే ఈనించి అమ్ముకునేవాళ్ల చేతిలో పడుతుంది.