లేక్ ఫోర్క్ మోడుల మధ్య, మెత్తటి ఎరలతో

చేపలు పట్టడానికి హ్యూస్టన్ నుంచి టెక్సస్‌లోనే ఉన్న లేక్ ఫోర్క్ జలాశయానికి వెళ్లేవాళ్లు టైలర్ దగ్గర 69వ నంబరు రోడ్డు పట్టుకుని, మినియోలా దాటి, ఆల్బా వైపు సాగాలి. మార్చిలో ఆ దారంతా రెడ్‌బడ్ పూలే. బావ బండి నడుపుతుంటే నేను ఒళ్లో ఎరల పెట్టె పెట్టుకుని సర్దుతూ కూర్చున్నాను.

మెత్తటి ప్లాస్టిక్ ఎరలు వాడేవాళ్లకు టైలర్ మామూలు ఊరు కాదు. 1949లో ఒహాయో రాష్ట్రం ఆక్రన్‌లో నిక్ క్రీమ్ అనే ఆయన ప్లాస్టిక్‌ను కరిగించి అచ్చుపోసి వానపాములు తయారుచేశాడు. తర్వాత ఆయన కంపెనీ టైలర్‌కే వచ్చి స్థిరపడింది. ఇప్పుడు మనం క్రీచర్ బెయిట్ అని పిలిచే ఎరలు ఆ వానపాము సంతతే. ఫలానా ప్రాణి అని చెప్పలేం. కాస్త బల్లి, కాస్త క్రాఫిష్ (డెక్కలున్న మంచినీటి రొయ్యలాంటిది), కాస్త పురుగు. రెక్కలు, కాళ్లు, డెక్కలు, తోకలు అన్నీ ఒకే ఒంటికి.

లేక్ ఫోర్క్‌లో నీళ్లు నిలపడం 1980లో మొదలైంది. సుమారు 27,000 ఎకరాల జలాశయం. చాలా చోట్ల చెట్లు కొట్టకుండానే ముంచేశారు, అందుకే ఎటు చూసినా మోడులే. టెక్సస్ రాష్ట్ర రికార్డు లార్జ్‌మౌత్ బాస్ (పెద్ద నోరుండే మంచినీటి చేప, మేం వెతికేదీ దాన్నే), 18.18 పౌండ్లది, 1992 జనవరిలో ఇక్కడే దొరికింది. పట్టినాయన బ్యారీ సెయింట్ క్లెయిర్. ఆయన ఆ రోజు బాస్ కోసం రానే లేదు. క్రాపీ చేపల కోసం చిన్న బతికున్న చేపను ఎరగా వేశాడు.

తెల్లవారుతుండగా పడవ దింపాం. నీటి వేడి 62 డిగ్రీల ఫారన్‌హీట్ చూపిస్తోంది. 60 దాటాక బాస్ గుడ్లు పెట్టడానికి ఒడ్డువైపు, లోతు తక్కువున్న చోట్లకు జరుగుతుంది. అంటే వెతకాల్సింది వాగు పాయల మొదళ్లలో, మోడుల మధ్యలో.

"ఏరా, పచ్చదా, నల్లదా?" అన్నాడు బావ.

"రంగు సంగతి తర్వాత బావా. ముందు అది నీళ్లలోకి ఎలా దిగుతుందో చూడు" అన్నాను.

ఈ మాట నేను గట్టిగా నమ్ముతాను. అంగడిలో మనుషులు రంగుల ముందే గంటలు గడిపేస్తారు. రంగు అసలు పట్టదని కాదు: నీళ్లు తేటగా ఉంటే గ్రీన్ పంప్‌కిన్ అనే ముదురు పచ్చ, మురికిగా ఉంటే నలుపు-నీలం, దాంతో చాలావరకు పని గడిచిపోతుంది. చేప నోరు తెరిచేది మాత్రం ఎక్కువగా ఎర కిందికి దిగుతున్నప్పుడే. అందుకే ఆ దిగే తీరు మీదే నా ధ్యాసంతా. జూమ్ కంపెనీ బ్రష్ హాగ్‌లా రెక్కలూ తోకలూ ఎక్కువున్నది నీటిని నెడుతూ, ఊగుతూ, నిదానంగా దిగుతుంది. స్వీట్ బీవర్‌లా చదునైన ఒళ్లు, అతుక్కున్నట్టుండే రెండు తోకలు ఉన్నది కొమ్మల సందుల్లోంచి జారిపోతుంది. మొదటిది ఖాళీ నేల మీద ఈడ్చడానికి, రెండోది దట్టమైన చోట్ల దూర్చడానికి.

దారానికి గాలం, బరువు, ఎర అమర్చే తీరును రిగ్ అంటారు. బావకు బ్రష్ హాగ్ కట్టి కరోలైనా రిగ్ ఇచ్చాను. ముందు బరువు, దాని వెనక రెండడుగుల దారం, చివర ఎర. బరువు నేల మీద దొర్లుతుంటే ఎర వెనకాల తేలుతూ వస్తుంది. గట్టి నేల ఉన్న మెరక అంచున అది చక్కగా పనిచేసింది, బావకు రెండు చిన్న బాస్‌లు పడ్డాయి. అదే రిగ్గును మోడుల్లోకి విసిరితే దారం ఏదో ఒక కొమ్మకు చుట్టుకోవడం ఖాయం.

నేను మోడుల్లోకే పోయాను. నాది టెక్సస్ రిగ్, అంటే బరువు ఎర తలకు ఆనుకునే ఉంటుంది, గాలం మొన ఎరలో దాగి ఉంటుంది. 4/0 సైజు ఆఫ్‌సెట్ గాలం (కన్ను దగ్గర కాడ మెలిక తిరిగింది), 3/8 ఔన్సు టంగ్‌స్టన్ గుండు. సీసం గుండు చవకే గానీ టంగ్‌స్టన్ దానికన్నా చాలా సాంద్రమైనది. అదే బరువుకు గుండు చిన్నదవుతుంది, గట్టిదనం వల్ల కొమ్మకు తగిలిందో రాయికి తగిలిందో చేతికి తెలిసిపోతుంది. గుండు ఎరను వదిలి జారకుండా రబ్బరు స్టాపర్ పెట్టాలి. లేకపోతే గుండు కొమ్మకు ఒకవైపు, ఎర మరోవైపు వేలాడతాయి. గాలం మొనను ఎర తలలోంచి దించి, తిప్పి, ఒంట్లోంచి పైకి తీసి, వీపు మీది పలచటి పొరలో గుచ్చి దాచాలి. ఎర వంకర లేకుండా తిన్నగా కూర్చోవాలి. వంకరపోతే దిగేటప్పుడు గిరగిరా తిరిగి దారమంతా మెలిపడుతుంది. ఈ ఒక్క పనికి ఎంత సమయమైనా ఇవ్వొచ్చు.

నీళ్లలోకి ఒరిగిన ఒక పెద్ద మోడు నీడన పిచ్ చేశాను, అంటే ఎరను నీటికి దగ్గరగా మెల్లగా ఊపి వదిలాను. చప్పుడు లేకుండా దిగింది. నేలను తాకే లోపే దారం పక్కకు కదిలింది. బిగువు అందే దాకా రాడ్ దించి, ఒక్కసారిగా పైకి లాగాను. 50 పౌండ్ల అల్లిక దారం కాబట్టి ఆ కొమ్మల్లోంచి బయటికొచ్చింది గానీ, సన్నటి దారమైతే అక్కడే తెగేది. కొలబద్ద మీద 19 అంగుళాలు. ఇక్కడ 16 నుంచి 24 అంగుళాల మధ్యనున్న బాస్‌ను ఉంచుకోకూడదు, వెంటనే వదిలేయాలి. ఈ నియమం నాకెంతో ఇష్టం. ఈ చెరువులో పెద్ద చేపలు ఇన్నేళ్లుగా మిగలడంలో దానికి పెద్ద వాటా ఉంది.

చిరిగిన ఎరలన్నీ ఒక సంచిలో వేసుకున్నాం, ఒక్కటీ నీళ్లలో పారేయలేదు. ఆ ప్లాస్టిక్ కుళ్లిపోయేది కాదు, చేప మింగితే కడుపులో ఉండిపోతుంది. మిగిలినవాటిని ఏ రంగు సంచిలో అవి తిరిగి పెట్టాను. కలిపేస్తే నలుపు పచ్చకు అంటుకుంటుంది, కొన్ని రకాలు పక్కపక్కన పడితే కరిగి ముద్దయిపోతాయి కూడా.

ఎండాకాలంలో మళ్లీ వద్దామన్నాడు బావ. అప్పటికి హైడ్రిల్లా నాచు నీటి మీద చాపలా పరుచుకుంటుంది. దాన్ని చీల్చుకుని దిగాలంటే ఔన్సుకు పైబడ్డ గుండ్లు, తిన్నటి కాడ గాలాలు, రెక్కలు బాగా తక్కువున్న పొట్టి ఎరలు కావాలి. జాబితా రాయడం మినియోలా చేరేలోపే మొదలుపెట్టేశాను.