సీప్యాప్ యంత్రం సులువుగానే దొరికింది, మాస్కే ఏడిపించింది

నా భార్యకు నిద్రలో ఊపిరి పదే పదే ఆగిపోయే స్లీప్ ఆప్నియా ఉందని తేలిన నాటి నుంచి, మాస్కు ద్వారా గాలి ఒత్తిడినిచ్చే సీప్యాప్ యంత్రం, దానికి సరైన మాస్కు ఆమెకు కుదిరేవరకు మా ఇద్దరికీ తల ప్రాణం తోకకు వచ్చింది. ఆ వ్యవహారం ఈ వారమే ఒక కొలిక్కి వచ్చింది. కోపం ఇంకా చల్లారలేదు, ఊరట ఇంకా కొత్తగానే ఉంది. అందుకే ఆలస్యం చేయకుండా రాస్తున్నాను. ఇంట్లో ఎవరికైనా ఈ యంత్రం కొనవలసి వచ్చినవాళ్ళు అమ్మకందారు దగ్గరికి వెళ్ళేలోపు దీన్ని చదివితే కొంత మేలు జరుగుతుందని నా నమ్మకం.

జబ్బు బయటపడిన తీరును క్లుప్తంగా చెబుతాను. నా భార్యది ఇల్లు దద్దరిల్లే గురక కాదు. పొద్దున లేవగానే తలనొప్పి, పగలంతా నీరసం, ఏ పని మీదా మనసు నిలవకపోవడం ఉండేవి. చూసినవాళ్ళు రక్తహీనత అన్నారు, థైరాయిడ్ అన్నారు, దిగులు అన్నారు. రాత్రిపూట ఆమె ఊపిరి ఆగిపోయి, కాసేపటికి ఉలిక్కిపడినట్టు గాలి ఎగబీల్చడం పక్కన పడుకున్న నాకు మాత్రమే తెలుసు. దాన్ని ఫోనులో వీడియో తీసి నిద్ర సమస్యలు చూసే వైద్యురాలికి చూపించాక గాని స్లీప్ స్టడీ, అంటే నిద్రలో ఊపిరి తీరును కొలిచే పరీక్ష, మాట రాలేదు. ఆడవాళ్ళలో ఈ జబ్బు తరచుగా అలసటగా, తలనొప్పిగా, నిద్రలేమిగా కనిపిస్తుందనీ, అందువల్లే చాలామందికి ఏళ్ళ తరబడి నిర్ధారణ కాదనీ ఆవిడ చెప్పారు. పరీక్షలో గంటకు సగటున 34 సార్లు ఊపిరి ఆగడమో బాగా తగ్గడమో జరుగుతోందని తేలింది. ఏహెచ్ఐ అనే ఈ లెక్క 5 లోపు ఉంటే మామూలు, 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. కనీసం 10 సెకన్ల పాటు సాగితేనే ఒక్కోదాన్ని లెక్కలోకి తీసుకుంటారని తెలిశాక, ఇన్నేళ్ళూ ఆమె ఎలా నెట్టుకొచ్చిందా అని నాకు గుండె తరుక్కుపోయింది.

యంత్రం రకం తేల్చుకోవడం కష్టం కాలేదు. నిద్రలో గొంతు ముడుచుకుపోకుండా గాలి ఒత్తిడితో తెరిచి ఉంచడమే ఈ చికిత్స. 1981లో ఆస్ట్రేలియాలో కాలిన్ సల్లివన్ బృందం దీన్ని లోకానికి చెప్పిన నాటి నుంచి మూలసూత్రం మారలేదు. రాత్రంతా ఒకే ఒత్తిడి ఇచ్చేది మామూలు సీప్యాప్. అవసరాన్ని బట్టి పెంచుకుంటూ తగ్గించుకుంటూ పోయేది ఆటో సీప్యాప్. గాలి పీల్చేటప్పుడు ఎక్కువ, వదిలేటప్పుడు తక్కువ ఒత్తిడి ఇచ్చేది బైప్యాప్. ఊపిరి తీసుకోమని మెదడే ఆదేశం పంపని సెంట్రల్ ఆప్నియా వేరే జబ్బు, దాని చికిత్స వేరు. ఆమెది అది కాదని రిపోర్టులో స్పష్టంగా ఉంది. వైద్యురాలు ఆటో సీప్యాప్ రాసి, ఒత్తిడి 7 నుంచి 12 మధ్య ఉంచాలనీ, గాలికి తేమ కలిపే హ్యుమిడిఫయర్ తప్పనిసరనీ చీటీలో పెట్టారు. ఈ ఒత్తిడిని నీటి సెంటీమీటర్లలో కొలుస్తారు. పేరున్న తయారీదారుల ఆటో యంత్రాల మధ్య వాడేవాళ్ళకు తెలిసేంత తేడా నాకు కనిపించలేదు. నేను పట్టుబట్టినవి రెండే: ప్రతి రాత్రి వివరాలూ మెమరీ కార్డులో నమోదు కావాలి, గొట్టంలో నీటి చుక్కలు పేరుకోకుండా వేడిచేసే ట్యూబు ఉండాలి.

మమ్మల్ని కుంగదీసింది అమ్మకందారు దగ్గర మాస్కు తగిలించిన చోటు. అక్కడి టెక్నీషియన్ చీటీని ఒకసారి చూసి పక్కన పెట్టి, నా భార్యను కౌంటరు ముందు కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కునూ నోటినీ కలిపి కప్పే ఫుల్ ఫేస్ మాస్కు ఒకటి పెట్టెలోంచి తీసి ఆమె తల వెనుక పట్టీలు బిగించడం మొదలుపెట్టాడు. ఆమె నోరు తెరుచుకుని పడుకుంటుందా, ముక్కు దిబ్బడ ఉంటుందా, వెల్లకిలా పడుకుంటుందా పక్కకు తిరిగి పడుకుంటుందా, ఇందులో ఒక్కటీ అడగలేదు. ముఖం కొలవలేదు. మాస్కుకు యంత్రం తగిలించనైనా లేదు. వేరే పనుల మీద వచ్చినవాళ్ళు చుట్టూ నిలబడి చూస్తున్నారు. పట్టీలో జుట్టు చిక్కుకుని ఆమె ‘అబ్బా’ అంటే అతను ఆగలేదు. ముక్కు దూలం మీద నొక్కుకుపోతోందని ఆమె చెబితే, ఆమె వైపు చూడకుండా నాతో, "మేడమ్‌కు ఓపిక తక్కువ సార్. ఆడవాళ్ళు మాస్కు గురించి ఎప్పుడూ ఏదో ఒకటి అంటూనే ఉంటారు. మీరే కాస్త గట్టిగా చెప్పాలి" అన్నాడు. ఎవరో నవ్వారు. నా భార్య మాస్కు వెనుక నుంచి ఏదో అనబోయింది, మాట బయటికి రాలేదు. కళ్ళలో నీళ్ళు తిరగడం మాత్రం అందరికీ కనిపించింది.

"మాస్కు పెట్టుకునేది ఆమె, మీరు మాట్లాడవలసింది ఆమెతో" అని నేను అన్నాను. అతను భుజాలెగరేసి, ఈ సైజు అందరికీ సరిపోతుందన్నాడు. ముక్కుకు మాత్రమే ఉండే మాస్కు చూపమంటే సరుకు లేదన్నాడు. సరిపోకపోతే మారుస్తారా అంటే, పెట్టె తెరిచాక వాపసు ఉండదన్నాడు. చికిత్స ఒక్క రాత్రి కూడా వాయిదా వేయవద్దని వైద్యురాలు గట్టిగా చెప్పి ఉండటంతో, ఆ మాస్కే తీసుకుని బయటపడ్డాము. ఎదురుగా కూర్చున్న రోగిని వదిలేసి, ఆమె గురించి పక్కనున్న మగవాడితో మాట్లాడటం ఎక్కడ జరిగినా అవమానమే. వైద్య పరికరాలు అమ్మే చోట అది ప్రమాదం కూడా, ఎందుకంటే ఆమె చెప్పిన ఆ ఒక్క మాటలోనే మాస్కు సరిపోలేదన్న సంగతి మొత్తం ఉంది.

ఆ తర్వాతి రాత్రులు నరకం. యంత్రం ఆన్ చేయగానే "గాలి చాలడం లేదండీ, ఎవరో ముక్కు మూసినట్టుంది" అనేది. కాస్త నిద్రపట్టాక మాస్కు పై అంచు నుంచి గాలి ఈలలు వేస్తూ కళ్ళలోకి కొట్టేది. పట్టీలు బిగిస్తే లీకు ఇంకా పెరిగేది. తెల్లారేసరికి కళ్ళు ఎర్రబడి, ముక్కు దూలం మీద గాటు పడేది. అర్ధరాత్రి దాటాక ఎప్పుడో నిద్రలోనే మాస్కు లాగేసేది. అమ్మకందారుకు ఫోను చేసినప్పుడల్లా "అలవాటు పడాలి సార్" అన్న ఒకటే జవాబు. విచిత్రం ఏమిటంటే, పొద్దున యంత్రం తెర మీద ఏహెచ్ఐ తక్కువగానే కనిపించేది, ఆమె మాత్రం తలనొప్పితోనే లేచేది. తెరను నమ్మాలో ఆమెను నమ్మాలో అన్న సందేహం నాకు ఏనాడూ లేదు, కానీ కారణం అంతుబట్టలేదు.

కార్డు తీసుకుని వైద్యురాలి దగ్గరికి వెళ్తే, ఆవిడ దాన్ని కంప్యూటరులో పెట్టి చూసిన నిమిషంలో గుట్టు రట్టయింది. యంత్రంలో ఒత్తిడి పరిధి 4 నుంచి 20 వరకు ఉంది. అది ఫ్యాక్టరీలో పెట్టిన పరిధి. చీటీలో ఉన్న 7, 12 అంకెలను ఎవరూ యంత్రంలోకి ఎక్కించనే లేదు. ఒత్తిడి 4 దగ్గర పెద్దవాళ్ళలో చాలామందికి గాలి చాలనట్టే అనిపిస్తుందట. లీకు సంగతి చూస్తే, నిమిషానికి 24 లీటర్ల వరకు అదనపు లీకును ఆ యంత్రం సర్దుకోగలదు. మా రాత్రుల్లో ఎక్కువ భాగం ఆ గీత పైనే ఉంది. ఒత్తిడి పైకి పోయిన కొద్దీ సరిపోని మాస్కు ముఖం మీద నుంచి లేచిపోతుంది. ఇక తెర మీద తక్కువ అంకెకు కారణం, మాస్కు ముఖం మీద ఉన్నంతసేపే యంత్రం లెక్క కడుతుంది. కలలు వచ్చే రెమ్ నిద్ర తెల్లవారుజామున ఎక్కువ, ఊపిరి ఆగడం ఆ నిద్రలోనే ముదురుతుంది, ఆడవాళ్ళలో మరీ ముదురుతుంది. సరిగ్గా ఆ గంటల్లోనే నా భార్య ముఖం మీద మాస్కు లేదు. ఫుల్ ఫేస్ మాస్కు కొందరిలో కింది దవడను వెనక్కి నెట్టి, మరింత ఒత్తిడి అవసరమయ్యేలా చేస్తుందని కూడా ఆవిడ చెప్పారు.

ఈ సంగతి అమ్మకందారుకు చెబితే వచ్చిన జవాబు: "ఆటో మెషిన్ కదా సార్, అన్నీ అదే చూసుకుంటుంది." వైద్యురాలు రాసిన చికిత్సను ఇవ్వకుండా వేరేది ఇచ్చి, అది ఇబ్బంది పెడితే రోగికి ఓపిక లేదన్న మనిషి అన్న మాట అది.

యంత్రంలో ఒత్తిడిని వైద్యురాలే సరిచేసి, మాస్కు కోసం మరొక చోటికి పంపారు. అక్కడి టెక్నీషియన్ మొదట నా భార్య పేరు అడిగి, తర్వాత ఆమె ఎలా పడుకుంటుందో అడిగింది. కొలత అట్టను ముక్కు కింద పెట్టి వెడల్పు చూసి చిన్న సైజు ముక్కు మాస్కు తీసింది. తెర చాటున బల్ల మీద పడుకోబెట్టి, యంత్రం ఆన్ చేసి 10 దగ్గర ఒత్తిడి పెట్టి, ఆ తర్వాతే పట్టీలు వేసింది. బిగించడానికి బదులు వదులు చేయడం చూసి నేను ఆశ్చర్యపోయాను. మాస్కు అంచున సిలికాన్ రెండు పొరలుగా ఉంటుంది; చర్మం వైపు ఉండే పలుచని పొర గాలికి ఉబ్బి చర్మాన్ని అంటుకుంటేనే లీకు ఆగుతుంది, బిగించిన కొద్దీ అది నలిగి ముడతల్లోంచి గాలి పోతుంది. మాస్కును రెండు వేళ్ళతో ముఖం నుంచి కొద్దిగా ముందుకు లాగి, ఆ పలుచని పొర ఉబ్బనిచ్చి, మెల్లగా వదలమని చూపించింది. నా భార్య పక్కకు తిరిగి పడుకుని, తన చేత్తో ఒకసారి అలాగే చేసుకుంది. ఈల ఆగిపోయింది. ముందువైపు సన్నని రంధ్రాల్లోంచి వచ్చే గాలి లీకు కాదనీ, వదిలిన ఊపిరి బయటికి పోయే దారి అదేననీ, దాన్ని ఎన్నడూ మూయకూడదనీ కూడా చెప్పింది.

కాబట్టి కొనబోయేవాళ్ళకు నా మాట: యంత్రం గురించి తక్కువ, మాస్కు గురించి ఎక్కువ తర్కించండి. పడుకోబెట్టి, గాలి ఆన్ చేసి, మీ ఒత్తిడి దగ్గర మాస్కు చూపించనివాళ్ళ దగ్గర కొనకండి. సరిపోకపోతే మారుస్తామని రాసి ఇమ్మనండి. చీటీలోని అంకెలు యంత్రంలోకి ఎక్కించాక, సెట్టింగుల పేజీని మీ కళ్ళతో చూసి ఫోటో తీసుకోండి. అది అడిగితే చిరాకు పడే మనిషి దగ్గర నిలబడనవసరం లేదు. మొదటి రోజుల్లో కార్డును వైద్యులకు చూపించండి, ఏహెచ్ఐతో పాటు లీకునూ, వాడిన గంటలనూ చూడమనండి. హ్యుమిడిఫయర్‌లో డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి. పేస్‌మేకర్ వంటివి ఉన్నవాళ్ళు, పక్కన పడుకునేవాళ్ళకు ఉన్నా సరే, అయస్కాంతపు క్లిప్పులున్న మాస్కు తీసుకునే ముందు వైద్యులను అడగాలి. ఓజోన్‌తో శుభ్రం చేసే పెట్టెలను అంటగడితే వద్దనండి. అప్పటికి వాటికి తమ అనుమతి లేదని అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లోనే హెచ్చరించింది, సబ్బునీళ్ళు చాలు. వాడిన యంత్రం కొనేవాళ్ళు, శబ్దం తగ్గించే ఫోమ్ (స్పాంజి లాంటి) పొర పాడై రాలవచ్చన్న కారణంతో 2021 జూన్‌లో ఫిలిప్స్ రెస్పిరానిక్స్ వెనక్కి పిలిచిన వాటిలో అది ఉందో లేదో సీరియల్ నంబరుతో సరిచూసుకోవాలి.

ఇప్పుడు నా భార్య తెల్లవార్లూ మాస్కుతోనే పడుకుంటోంది, ఏహెచ్ఐ 3 లోపే ఉంటోంది, లీకు గీత దాటడం లేదు. పొద్దుటి తలనొప్పి లేదు. మొదటి అమ్మకందారుకు వైద్యురాలి చీటీ నకలు, 4 నుంచి 20 అని చూపించే రిపోర్టు పేజీ జతచేసి లిఖితపూర్వకంగా ఫిర్యాదు పంపాను. మాస్కు వెల వాపసు ఇవ్వాలని అడిగాను. దాంతో పాటు, నా భార్యకు ఆమె పేరు మీద క్షమాపణ రాసి పంపాలని అడిగాను. జవాబు రాకపోతే తయారీ సంస్థకూ, పరికరాల అమ్మకాలను పర్యవేక్షించే అధికారులకూ అవే కాగితాలు వెళ్తాయి. కవర్లు సిద్ధంగా ఉన్నాయి.