జెండా రంగు చూసి జంకుతున్నారు

మహారాష్ట్రలోని బల్లార్షాలో మా వీధిలో తెలుగువాళ్లు ఎక్కువే, బొగ్గు గనుల మీద బతికే ఇళ్లు చాలా ఉన్నాయి. కాంట్రాక్టు పనికెళ్లే పక్కింటి తమ్ముణ్ణి యూనియన్‌లో ఎందుకు చేరలేదురా అనడిగితే, "ఏ జెండా పడితే ఆ పార్టీవాణ్ణి అయిపోతానన్నా, రేపు ఇంకో పార్టీ గెలిస్తే నా టెన్షన్ ఎవడు పడతాడు?" అన్నాడు. నిజమే మరి, యూనియన్లలో ఐఎన్‌టీయూసీ అంటే కాంగ్రెస్, ఏఐటీయూసీ అంటే సీపీఐ, సీఐటీయూ అంటే సీపీఎం, బీఎంఎస్ అనగానే ఆరెస్సెస్ గుర్తొస్తుంది. యూనియన్ రాజకీయాలకు ఖర్చుపెట్టే నిధి వేరుగా ఉండాలనీ, దానికి చందా ఇమ్మని సభ్యుణ్ణి బలవంతపెట్టకూడదనీ 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టంలోనే రాశారని చెప్పా. వాడు నవ్వాడు.

"చందా రసీదు మీద అది ఎక్కడుందన్నా?"