లడ్డుగాడి స్వెటర్

పొద్దున ఆరున్నరకి తలుపు తీస్తే ఎదురింటి గేటు కూడా కనిపించనంత మంచు. ఆదిలాబాద్‌లో జనవరి అంటే ఇంతే. టీ సగం తాగేలోపే చల్లారిపోయింది. రోజూ గడియ చప్పుడుకే గేటు దగ్గరికి ఉరికే లడ్డుగాడు ఇవాళ లేవలేదు. ముక్కు తోకలో దూర్చుకుని, పేరుకు తగ్గట్టు గుండ్రంగా చుట్టుకుపోయి ఉన్నాడు. పిలిస్తే ఒక కన్ను తెరిచి మళ్లీ మూశాడు.

వాడికి తొమ్మిదేళ్లు. బడి గేటు దగ్గర దొరికితే మా బాబు చొక్కాలో పెట్టుకుని తెచ్చిన వీధికుక్క పిల్ల. ఒంటి మీద ఉన్నది పొట్టి వెంట్రుకలే. పక్కవీధి పామరేనియన్‌కైతే పైన పొడుగు జుట్టు, కింద దూదిలాంటి నూగు, చలి దానికో లెక్క కాదు. స్వెటర్లన్నీ మాత్రం దానికే ఉన్నాయి, నాలుగు రంగుల్లో!

మొన్న మా ఆయన ఆన్‌లైన్‌లో ఒక ఎర్ర స్వెటర్ తెప్పించాడు, దానికో టోపీ కూడా. "నాకు శాలువా అడిగితే వచ్చే నెల అంటడు, కుక్కకు మాత్రం స్వెటర్ తెప్పించిండు" అని అత్తమ్మ సణిగింది. తొడగగానే లడ్డుగాడు కాళ్లు బిగబట్టి, తల వంచుకుని, పెళ్లిపీటల మీద కూర్చోబెట్టిన పిల్లాడిలా కదలకుండా ఉండిపోయాడు. వాడి ఛాతీ లోతు, నడుము సన్నం. ఛాతీకి సరిపోయిన స్వెటర్ నడుము దగ్గర లంగాలా వేలాడింది. పైగా పొట్ట కింద గుడ్డ పొడుగు. కరెంటు స్తంభం దగ్గర కాలెత్తి పని కానిచ్చేసరికి సగం తడిసింది. తడి ఉన్ని ఒంటికి అంటుకుంటే చలి తగ్గడం అటుంచి ఇంకా వణికిస్తుంది. ఆడకుక్కల కొలతకి కుట్టి అందరికీ అమ్ముతున్నారని నా అనుమానం.

మధ్యాహ్నం బాబు ఆరో తరగతి యూనిఫాం స్వెటర్ బయటికి తీశాను. మెరూన్ రంగు, ముందు గుండీలు. దాన్ని వెనక్కి తిప్పి, తెరుచుకునే వైపు వీపు మీదకి వచ్చేలా తొడిగి చూశాం. వద్దు వద్దంటూనే కత్తెర తెచ్చింది అత్తమ్మే. చేతులు జానెడు ఉంచి కోసేసింది. పొట్ట కిందికి వచ్చే భాగాన్ని చివరి పక్కటెముక దాకా నెలవంకలా కత్తిరించి, ఉన్ని ఊడకుండా అంచు మడిచి కుట్టింది. గుండీలు కొరికి మింగుతాడని తీసేసి, పాత స్కూలు బ్యాగు వెల్క్రో వేశాం. మెడ దగ్గర, చంకల్లో రెండు వేళ్లు దూరుతున్నాయో లేదో నేను చూశాను. బిగుతుగా ఉంటే చంకల్లో రాసుకుని పుండు పడుతుందని డాక్టర్ గారు ఎప్పుడో చెప్పారు.

బుద్ధిగా నిలబడినందుకు అత్తమ్మ రవ్వలడ్డు పెట్టబోయింది. గబుక్కున చెయ్యి పట్టుకున్నాను, అందులో కిస్‌మిస్ ఉంది. ద్రాక్షలైనా, కిస్‌మిస్ అయినా కొన్ని కుక్కలకి కొద్దిగా తిన్నా కిడ్నీలు దెబ్బతింటాయి. పేరు లడ్డు అయినా లడ్డు తినే యోగం వాడికి లేదు. జొన్నరొట్టె ముక్కతో సరిపెట్టాం.

కొలతలు తీసేటప్పుడే చూశాను, ముందుకాళ్ల మోచేతుల దగ్గర వెంట్రుకలు ఊడి, నల్లగా కాయలు కాసి ఉన్నాయి. వేలితో తాకితే ఎండిన తోలులా గరుకు. మా వరండాలో పరిచింది తాండూరు బండ. ఎండాకాలం వాడికి ఏసీ అదే, ఈ నెలలో మాత్రం మంచుగడ్డ. ఇన్నాళ్లూ ఒక పల్చటి గోనెసంచి వేసి ఊరుకున్నాం. పైనుంచి వచ్చే చలి గురించి ఇంత హడావిడి చేసి, కిందనుంచి వచ్చేది పట్టించుకోలేదు. సిగ్గనిపించింది.

అత్తమ్మ ఏమీ అనలేదు. లోపలికెళ్లి, పాత చీరలతో తను కుట్టుకున్న బొంత తెచ్చి, నాలుగు మడతలు పెట్టి గోనెసంచి మీద పరిచింది. లడ్డుగాడు మూడు చుట్లు తిరిగి, కాళ్లతో ఒకసారి గీరి, దబ్బున పడుకున్నాడు.

రాత్రి నిద్రలో ఎక్కడైనా చిక్కుకుంటుందేమోనని స్వెటర్ విప్పేశాను. పది దాటాక చూస్తే వరండాలో బొంతా లేదు, కుక్కా లేదు. రెండూ అత్తమ్మ మంచం పక్కన ఉన్నాయి. పొద్దున ఆ వెంట్రుకలు దులిపేది ఎవరో మాత్రం ఇంకా తేలలేదు.